పాప పొట్ట మీది వాతలు

మొన్న మా అన్నయ్య కూతురు తన మనవణ్ణి చంకనెత్తుకొని మా ఇంటికి వచ్చింది. గుమ్మం దాటగానే వాడు ఆవిడ చంక దిగి తిన్నగా నా ఒళ్లోకి వచ్చి కూర్చున్నాడు. నాలో అంత ఆకర్షణ ఏమీ లేదు, చేతిలో జీడిపప్పు ఉంది, అంతే. అయినా యాభై దాటిన ఆ మనిషి మూతి ముడుచుకొని, "అవున్లే సిన్నాన్నా, అందరూ నీకే కావాల" అని, కాఫీ కూడా ముట్టలేదు. ఆ మూతి ముడుపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ కడుపుమంట వల్లనే ఈవిడ పసిపాపగా ఉన్నప్పుడు మేమంతా బరంపురం జిల్లా కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

గంజాం మదరాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన తొలి సంవత్సరాలవి. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయిన ఘనత మాది. బరంపురంలో మాకు టోకు కిరాణా దుకాణం ఉండేది. నేను ఇంటర్మీడియెట్ తప్పి, వచ్చే పోయే వాళ్ల మీద హాస్యాలాడుతూ దుకాణంలో కూర్చునేవాణ్ణి. పాపకు ఏడాది నిండకుండానే వదిన పోయింది. అన్నయ్య బస్తాల మధ్య నిలబడి బేరాలాడుతుంటే పాప ఆయన భుజం మీదనే నిద్రపోయేది. నేనెన్ని కోతిచేష్టలు చేసినా చూసి నవ్వేది గాని, నా భుజం మాత్రం ఆవిడకు పనికిరాలేదు. అన్నయ్యను చూస్తే నాకు కడుపు మండేది, మా అమ్మకు అంతకు మించి మండేది. అయితే మా మంటలన్నీ కలిపినా దిగపహండిలో ఉండే వదిన తల్లి, అదే మా అత్త, మంట ముందు కుంపటిలో నిప్పురవ్వపాటి కూడా కావు.

ఒకనాడు ఆవిడ బుట్టెడు తినుబండారాలతో బస్సు దిగి వస్తే, చాలా నెలలుగా చూడని పాప బెదిరి మా అమ్మ కుచ్చిళ్ల వెనక దాక్కుంది. అత్త మంచినీళ్లయినా తాగకుండా తిరుగు బస్సెక్కింది. కొద్ది రోజులకే కోర్టు నోటీసు వచ్చింది. తండ్రి తాగుబోతు, పిల్లకు తిండి పెట్టడు, చుట్టతో పొట్ట మీద కాల్చాడు, కనుక పిల్లను నాకు అప్పగించాలి అని దాని సారాంశం. మా అన్నయ్య తాగేది శొంఠి కాఫీ. చుట్ట సంగతి చెప్పాలంటే, పక్క దుకాణంలో ఎవరైనా వెలిగిస్తే ఈయన ఇక్కడ దగ్గేవాడు.

కాని మచ్చలు మాత్రం ఉన్నాయి. ఆ రోజుల్లో మా వైపు పసిబిడ్డకు పొట్ట ఉబ్బితే పసుపుకొమ్ము కాల్చి బొడ్డు చుట్టూ వాతలు పెట్టేవారు. డాక్టర్లు ఇప్పుడు అది తప్పని మానిపించారు, మంచి పని చేశారు. వదిన పురుడు పుట్టింట్లో, దిగపహండిలో జరిగింది, పాప మా ఇంటికి వచ్చేనాటికే ఆ వాతలున్నాయి. అత్తే పెట్టిందని మాకు తెలుసు. మా తరఫున చూసిన మనిషి వదిన ఒక్కతే, ఆవిడ లేదు.

బజారులో జనం అన్నయ్యను అదోలా చూడసాగారు. ఆయన గడ్డం పెంచి, పాపను తీసుకుపోతే తాను బతకనని గోడకు చేరగిలబడ్డాడు. "ముందా గడ్డం గీయించన్నయ్యా, జడ్జీ గారు సూస్తే చుట్ట సంగతి నిజమే అనుకుంటారు" అన్నాను. అత్త చేతబడి చేస్తుందని కోర్టులో ఎదురు ఫిర్యాదు రాయించమని చుట్టాలు సలహా ఇచ్చారు. మా ప్లీడరు గారు ఒప్పుకోలేదు. తండ్రికి హక్కు ఉంది గాని, కాల్చాడని జడ్జి నమ్మిన రోజున ఆ హక్కు నిలవదనీ, అబద్ధానికి అబద్ధం జవాబు కాదనీ, అమ్మమ్మ చూడడానికి వస్తే తలుపు వేయవద్దనీ, కోర్టు చూపించమన్నప్పుడు పిల్లను మారుమాట లేకుండా చూపించమనీ ఆయన చెప్పారు. అన్నయ్య అన్నీ పాటించాడు, గడ్డంతో సహా.

పాప జుట్టు ఒత్తుగా ఉంటే తన తలంటు వల్లనే అని మా అమ్మా, తన వంశం వల్లనే అని అత్తా పెళ్లిళ్లలో సైతం వాదించుకునే వైనం నేను ఒకసారి ప్లీడరు గారి వరండాలో అభినయించి చూపించాను. ఆయన నవ్వలేదు, కలం కింద పెట్టి ఆలోచనలో పడ్డారు. నా హాస్యానికి అలాంటి గౌరవం మునుపెన్నడూ దక్కలేదు.

విచారణ నాడు ఆయన అత్తను గొంతైనా పెంచకుండా అడిగారు: "పిల్ల నిక్షేపంగా ఉందమ్మా. ఇంత పొందికైన వాతలు మీ వియ్యపురాలు పెట్టినవేనా?"

"ఓలమ్మ! ఆవిడా? ఆవిడికి పసుపుకొమ్ము కాల్సడం వొస్తే కదా! పొట్టుబ్బి పిల్ల గిలగిల్లాడిపోతంటే ఈ సేత్తో నాను పెట్టాను బాబూ, నాను!"

జడ్జి గారు కటకం వైపు నుంచి కొత్తగా వచ్చినవారు, తెలుగు రాదు. దుబాసీ నోరు తెరిచేలోగా, తన ఘనత ఎక్కడ చప్పబడిపోతుందోనని అత్త ఆ మాటలన్నీ ఒడియాలో తానే మళ్లీ చెప్పింది. ఆవిడ ప్లీడరు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. జడ్జి గారి చెయ్యి తెలియకుండానే తన పొట్ట మీదికి పోయింది. ఆయనకూ ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది. అత్త గెలిచిన ముఖంతో మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ ముఖం నిజంగానే మాడిపోయింది, పాప దక్కుతుందని తెలిసినా సరే.

పిల్ల తండ్రి దగ్గరే ఉండాలనీ, అమ్మమ్మ వచ్చి చూసుకోవచ్చుననీ తీర్పు వచ్చింది. అత్త కోర్టు మెట్ల మీద కూలబడి, "దాని తల్లి మూతే, దాని తల్లి నవ్వే. నాకింకేటుంది!" అని ఏడ్చింది. ఎవరు పిలిచినా దిగని పాప అన్నయ్య భుజం మీద నుంచి జారి, ఆవిడ ఒళ్లోకెక్కి ముక్కుపుడక పట్టుకొని లాగసాగింది. అన్నయ్య ముఖం చూశాను. అచ్చం కడుపు మండినప్పటి నా ముఖంలాగే ఉంది. అయినా ఆయనే, "రెండ్రోజులు తీసుకెళ్లండత్తా. జడ్జీ గారు సెప్పారని కాదు, నేనే సెప్తన్నాను" అన్నాడు.

గెలిచినవాళ్లం ముగ్గురం పాప లేని జట్కాలో ఇల్లు చేరాము. అమ్మ వడ్డించింది, ఎవరమూ తినలేదు. పాప ఇప్పుడు ఆ ఒళ్లో నవ్వుతూ ఉంటుందన్న ఆలోచన ముగ్గురికీ మెతుకు దిగనివ్వలేదు.

ఈ కాలంలో రెండు వైపుల పెద్దవాళ్లూ, ఈ నెల మీరుంచుకోండి, వచ్చే నెల మేము చూస్తాం అని మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. కోర్టు లేదు, ఏడుపు లేదు, హాయిగా ఉంది. ఒక పసిదాని నవ్వు ఇంకొకరి ఒళ్లో వినబడితే అన్నం సహించని మనుషులం నలుగురం ఉండేవాళ్లం. వాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. అసూయపడదామన్నా అవతల అత్త లేదు.