ఇద్దరు సిల్వాల పెళ్లి, నా నడుము

పరదేశంలో, మిల్టన్ అనే ఊళ్లో, ఒక పెళ్లిని ఆపబోయి నా నడుము విరగ్గొట్టుకున్న వైనం చెబుతాను. జాలిపడకండి, చేజేతులా చేసుకున్నదే.

అప్పట్లో పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో పెట్టెలు మోయడం. పోర్చుగల్ నుంచి వచ్చిన మరియా ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ వెళ్లగొడితే నాకు వేరే దిక్కు లేదు. ఆ సంగతి నా బుర్రకు తెలుసు, నోటికే తెలియదు.

వాళ్ల పెద్దమ్మాయి ఆనాకు పెళ్లి కుదిరిందని ఒక ఆదివారం నన్నూ భోజనానికి పిలిచారు. అలసటతో కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నాను. పెళ్లికొడుకు చెయ్యి చాచి, "పాలో సిల్వా" అన్నాడు.

నిద్ర ఎగిరిపోయింది. ఆనా కూడా సిల్వాయే! ఇంటిపేరు ఒకటైతే తెలుగువాడికి ఇంకేం కావాలి?

"ఆంటీ, ఈ పెళ్లి ఆపండి! వీళ్లు అన్నాచెల్లెళ్లు!"

ఆనా ముఖం పాలిపోయింది. పాలో వాళ్లమ్మ సిలువ గుర్తు వేసుకుని, ఆనా తండ్రి వైపు అనుమానంగా చూసింది.

"ఏం వాగుతున్నావ్?" అని ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఇంటిపేరు ఒకటే కదా అంకుల్! మాలో అయితే మహా తప్పు..."

మరియా ఆంటీ తల పట్టుకుంది. "సిల్వా అంటే అడవి. వెనకటికి అడవి పక్కన కాపురమున్న ప్రతివాడూ సిల్వాయే. అంతమంది చుట్టాలైతే మా దేశంలో పెళ్లిళ్లే ఉండవు! ఇంతకీ నీ ఇంటిపేరేంటి?"

"గొర్రెల," అన్నాను. అర్థం కూడా చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ కళ్లు మెరిశాయి. "నా పుట్టింటి పేరు కార్నెయిరో. అంటే పొట్టేలు. నీ లెక్కన నువ్వు నా తమ్ముడివి, ఆనాకు మేనమామవి. మీ పెళ్లిళ్లలో మేనమామ ఏం చేస్తాడు?"

గది నిలబెట్టుకోవాలి కదండీ! వినయంగా నిజం చెప్పేశాను.

"పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తాడు, ఆంటీ."

"మామ్, ఐ వాంట్ దట్!" అంది ఆనా.

పెళ్లిరోజు గంప దొరకలేదు. లాండ్రీ బుట్ట దొరికింది. తెల్లగౌనుతో సహా ఆనాను అందులో పెట్టుకుని చర్చి మెట్లన్నీ ఎక్కాను. సాయం పట్టమంటే, "మాకా వరస లేదు" అని సిల్వాలందరూ తప్పుకున్నారు.

పైన బుట్ట దించాక ఆంటీ నా భుజం తట్టింది. "శభాష్, తమ్ముడూ! వచ్చే ఏడు మా రెండోదానికి."

చర్చి గుమ్మంలో, విరిగిన నడుము పట్టుకుని చతికిలబడి, ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇక ఎవరికీ వరసలు కలపను.