నేను తిరగని నలభై రోజుల సముద్రం

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. సంధ్య రెండు వేళ్లు పోవడానికి కారణం నేను. ఆ సంగతి సంధ్యకు తెలియదు.

విదేశం వచ్చిన కొత్తలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో సంధ్యా నేనూ రూమ్మేట్లం. తనది కరీంనగర్, నాది తెనాలి. ఇక్కడ నా మొదటి ఉద్యోగం కోసం కన్సల్టెన్సీ వాళ్లు నా రెజ్యూమెలో లేని మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టారు. అప్పట్లో మాలో చాలామందికి అది తప్పనిపించేదే కాదు. ముందు పెట్టేయడం, తర్వాత నేర్చుకోవడం. నేర్చుకున్నాను కూడా, ఎవరి కొంపా మునగలేదు. ఆ అలవాటే నన్ను పాడు చేసింది.

సంధ్యకు పెళ్లయి పాప పుట్టాక, రెండేళ్ల ఆ పాపను వాళ్లమ్మ దగ్గర వదిలి, మేమిద్దరం, సంధ్య భర్త కిరణ్ కలిసి గ్రీసులో తెరచాప పడవ అద్దెకు తీసుకుని ఒక ద్వీపానికి వెళ్దామనుకున్నాం. కెప్టెన్ ఎందుకు, నేనే నడుపుతాను అన్నాను. అప్పటికి ఒక సరస్సులో నాలుగు వారాంతాలు కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను మరి! పడవ కంపెనీ వాళ్లు దానితోపాటు సముద్రం మీద ఎన్ని రోజులు నడిపారో రాసి పంపమన్నారు. నలభై అని రాశాను. ఒక్క రోజు కూడా లేదు.

మూడో రోజు మధ్యాహ్నం ద్వీపం కనిపించింది. కొండ మీద తెల్లటి ఇళ్లు. ఫోటోలు తీసుకుంటుండగానే గాలి మారిపోయింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. లోపల ఆవకాయ సీసా పగిలింది. కిరణ్ వాంతి చేసుకుంటూ కూలబడ్డాడు. గాలి పెరగకముందే తెరచాప చిన్నది చేయాలని కోర్సులో చెప్పారు. సరస్సులో ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్టీరింగ్ చక్రం వదిలితే పడవ తిరగబడుతుందేమోనని దాన్నే పట్టుకుని నిలబడ్డాను.

తెరచాప తాడు ఒక ఇనుప డ్రమ్ముకు చుట్టి, తెగేంత బిగువుగా ఉంది. “సంధ్యా, విప్పెయ్!” అని అరిచాను. అలాంటి తాడును కొద్దికొద్దిగా వదలాలి, వేళ్లు డ్రమ్ము దగ్గరకు పోనివ్వకూడదు. అది చెప్పలేదు. తెలియకనా? భయంలో మర్చిపోయానా? లేక అంతా తెలిసినదానిలా నటించీ నటించీ, పక్క మనిషికి తెలియదన్న సంగతే నా బుర్రకు తట్టలేదా? ఏడేళ్లుగా అడుగుతున్నాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. సంధ్య నన్ను నమ్మి చెయ్యి పెట్టింది. తాడు ఆ చేతిని లోపలికి లాక్కుంది.

ఇంజిన్ వేసి రేవుకు ఎలా చేరామో సరిగ్గా గుర్తులేదు. గట్టు మీద కంపెనీ మనిషి ఏం జరిగిందని అడిగాడు. అసలు తప్పు అప్పుడు చేశాను. వేళ్లు దూరంగా పెట్టమని ఆమెకు రెండుసార్లు చెప్పానన్నాను. బల్ల మీద, చేతికి తువ్వాలు చుట్టుకుని పడుకున్న సంధ్య నా వైపు తల తిప్పింది.

“చెప్పినవా?”

“చెప్పానే. గాలికి నీకు వినబడలేదేమో.”

“అట్లనా... నేనే ఇనలే. నా తప్పే గదనే. నువ్వు లేకుంటే అందరం మునుగుదుము.”

ఇప్పటికీ ఎవరింట్లో పార్టీ అయినా సంధ్య ఈ కథ చెబుతుంది, నా భుజం మీద ఆ చెయ్యే వేసి. ఆ చేతి మిగిలిన వేళ్లతో కూతురికి జడ వేస్తుంది. స్కూలు బస్సు వచ్చేలోపే ఆ జడ ఊడిపోతుంది. నేను చూశాను. చూసి కాఫీ తాగాను.

పోయిన వారం సంధ్య ఫోన్ చేసింది. మళ్లీ వెళ్దామంది, ఈసారి తొమ్మిదేళ్ల పిల్లను కూడా తీసుకుని. నువ్వుంటే నాకు భయమే లేదంది. నేను సరేనన్నాను. ఎలా అనగలిగాను? అప్పటినుంచి కళ్లు మూస్తే ఆ పిల్ల చిన్న చెయ్యి తాడు మీద కనిపిస్తోంది.

కొత్త పడవ కంపెనీ ఫారం వచ్చింది. అందులోనూ అదే ప్రశ్న. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు దాన్ని ఏం చేస్తానో నాకే తెలియదు. ఇప్పుడే నింపాను. సముద్రం మీద నడిపిన రోజులు: మూడు. కింద తెలుగులో రాశాను: “సంధ్యా, అంతకుముందు ఒక్క రోజు కూడా లేదు. వేళ్లు దూరంగా పెట్టమని ఆ రోజు నేను చెప్పలేదు. నువ్వు వినకపోవడం కాదు.”

కంపెనీకి పంపలేదు, ఫోన్‌లో సంధ్యకు పంపాను. చూసింది. ఇంకా ఏమీ అనలేదు. ఫోన్ బోర్లా పెట్టాను. ఏమంటుందో, ఏమీ అనదో. ఈసారి ఫారంలో అంకె మాత్రం నిజం.