తోడల్లుడి కింది నంబరు

మా తాతయ్య విమానం నడుపుతాడు. రెండొందల మందిని ఆకాశంలోకి తీసుకెళ్ళి, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెత్తగా కిందికి దించుతాడు. గాలివానలోనూ ఆయన గొంతు మారదని ఆయనతో పనిచేసినవాళ్ళు చెబుతారు. అంతటి మనిషికీ, మా చిన్న తాతయ్య కొత్త చెప్పులు కొనుక్కున్నాడని తెలిస్తే చాలు, ఆ పూట అన్నం సహించదు.

చిన్న తాతయ్య అంటే అమ్మమ్మ చెల్లెలి భర్త. తాతయ్యకి తోడల్లుడు. ఆయనా అదే కంపెనీలో పైలట్. శిక్షణ రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. తాతయ్య పెళ్ళికి స్నేహితుడిగా వచ్చి, మంచినీళ్ళు అందిస్తున్న పెళ్ళికూతురి చెల్లెల్ని చూసి, ఏడాది తిరక్కుండా ఆ ఇంటికే అల్లుడయ్యాడు. "భోజనానికి పిలిస్తే బంధువై కూర్చున్నాడు" అని తాతయ్య ఇప్పటికీ అంటాడు. ఆ మాటకి చిన్న తాతయ్యే అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. అది ఇంకో మంట.

ఈ కుళ్ళంతా ఒక్క అంకె దగ్గర పుట్టింది. పైలట్లకి కొలువులో చేరిన రోజే ఒక సీనియారిటీ నంబరు ఇస్తారు. పైవాళ్ళు రిటైరవుతుంటే కిందివాళ్ళు పైకి జరుగుతుంటారు. కెప్టెన్ కుర్చీ, జీతం, సెలవు, ఏ ఊరు, ఏ వేళ, అన్నీ ఆ వరసలోనే. ఎంత బాగా నడిపినా వరస దాటలేరు. కోపమొచ్చి ఇంకో కంపెనీకి పోతే అక్కడ మళ్ళీ అట్టడుగున నిలబడాలి. నాకు చదువు అంతగా అబ్బలేదు గానీ, ఈ లెక్క మాత్రం పాలబుగ్గల నాటి నుంచీ వింటున్నాను కాబట్టి నోటికి వచ్చు.

తాతయ్యా చిన్న తాతయ్యా ఒకే రోజు చేరారు. అలా చేరినవాళ్ళలో వయసులో పెద్దవాడికి పై నంబరు. నిజానికి మా తాతయ్యే పెద్ద. కానీ ఆయన్ని బళ్ళో వేసినప్పుడు వాళ్ళ నాన్న, రేపు ఉద్యోగం ఎక్కువకాలం ఉంటుందన్న ముందుచూపుతో, వయసు రెండేళ్ళు తగ్గించి రాయించాడు. దాంతో కాగితం మీద చిన్న తాతయ్య పెద్దవాడైపోయాడు. పై నంబరు ఆయనది. దాని కిందిది మా తాతయ్యది.

"మా నాన్న నాకు రెండేళ్ళు మిగిల్చి జీవితమంతా పోగొట్టాడు" అంటాడు తాతయ్య.

అబద్ధమేం కాదు. కెప్టెన్లుగా పైకెక్కించే వరస సరిగ్గా చిన్న తాతయ్య దగ్గర ఆగిపోయింది. ఆయన కెప్టెన్‌గా ఎడమ కుర్చీలో కూర్చున్నాక ఇంధనం ధర పెరిగిందని కంపెనీ చేతులు ముడుచుకుంది. తాతయ్య ఏళ్ళ తరబడి కో-పైలట్‌గా కుడి కుర్చీలోనే ఉండిపోయాడు. కెప్టెన్ జీతంతో చిన్న తాతయ్య మేడ మీద మేడ వేశాడు. మావాళ్ళు అద్దింటి పైకప్పు కారే చోట బకెట్ పెట్టుకున్నారు. తర్వాత ఒక చెడ్డకాలంలో కంపెనీ కింది నుంచి మనుషుల్ని ఇంటికి పంపడం మొదలుపెట్టింది. ఆ కోత తాతయ్యకి కాస్త దిగువన ఆగింది.

"ఉద్యోగం నిలిచింది. అంతే చాలు, సంతోషించండి" అందట అమ్మమ్మ.

"వాడిది నాకన్నా ఒక మెట్టు గట్టిగా నిలిచింది" అన్నాడట ఈయన.

ఆర్నెల్లకోసారి డాక్టరు పరీక్ష ఉంటుంది. కన్నో గుండో కాస్త తేడా చేస్తే రెక్కలు విరిచి ఇంట్లో కూర్చోబెడతారు. మిగతా పైలట్లు తమ రక్తపోటు ఎంతుందో అడుగుతారు. మా తాతయ్య ముందు చిన్న తాతయ్యది ఎంతుందో కనుక్కుంటాడు. అది తక్కువుందని తెలిస్తే ఈయనది పెరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆలస్యంగానైనా తాతయ్యా కెప్టెన్ అయ్యాడు గానీ, కింది నంబరు కింది నంబరే. ప్రతినెలా పైలట్లు వచ్చే నెలకి తమ కోరికలు కంప్యూటర్లో వరసగా పెట్టాలి. దాన్ని బిడ్ అంటారు. కంపెనీ పై నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ పంచుకుంటూ వస్తుంది. విమానంలో అన్ని మీటలున్నా తడబడని తాతయ్యకి ఆ వెబ్‌సైటు అంటే చెమటలు. అందుకని రెండేళ్ళుగా ఆ పని నాది. బిడ్ పెట్టే రోజు పొద్దున్నే చిన్న తాతయ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈసారి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసే విమానాలు అడుగుతున్నా" అని మనసులో ఏమీ లేకుండా చెప్పేస్తాడు. తాతయ్య ఫోన్ పెట్టేసి, "రాయవే కోతీ, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవి" అంటాడు. అవతలాయన ఏది అడిగితే ఈయనా అదే. పై నంబరు ఆయనది కాబట్టి అది ఆయనకే పోతుంది. ఎవరికీ అక్కర్లేని రాత్రి విమానాలు, పరాయి ఊరి హోటలు గదులు ఈయన నెత్తిన పడతాయి. నిజానికి తాతయ్యకి చీకటితో బయల్దేరి గాల్లో సూర్యోదయం చూడటమంటే ప్రాణం. ఆ విమానాలు ఎవరూ అడగరు. అడిగుంటే ప్రతినెలా ఈయనకే వచ్చేవి.

ఇది ఇంట్లో అందరికీ తెలుసనుకున్నాను నేను.

ఈ మధ్య అమ్మమ్మకి కంటి ఆపరేషన్ ఖాయమైంది. డాక్టరు చిన్నదే అన్నాడు. అమ్మమ్మకి మాత్రం కన్ను కోస్తారన్న మాటే మింగుడు పడలేదు. అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏమండీ, ఆ వారం మీరు పక్కనుంటే నాకు భయముండదు. చూడండి, కుదురుతుందేమో."

"నాకు మాత్రం ఉండాలని లేదా? నా చేతుల్లో ఏముందే, అంతా నంబరు" అన్నాడు తాతయ్య, ముద్ద కలుపుతూ.

"పాపం, మీరేం చేస్తారు లెండి" అంది అమ్మమ్మ.

నా నోరు ఊరుకోదు కదా. "నంబరేం చేసింది అమ్మమ్మా? తాతయ్య ఒక్క నెలయినా సెలవు అడిగితేగా! చిన్న తాతయ్య అడిగిందే నాచేత రాయిస్తాడు" అన్నాను.

అమ్మమ్మ గరిటె గిన్నెలో పెట్టింది.

"ప్రతినెలా?"

"ప్రతినెలా. మొదటి నుంచీ ఇంతేనని తాతయ్యే చెప్పాడు."

"అయితే నా కాన్పులకి రాకపోవడం నంబరు కాదన్నమాట. పిల్లకి టైఫాయిడ్ వచ్చినప్పుడు నేనొక్కదాన్నే ఆస్పత్రి మెట్ల మీద కూర్చోవడం నంబరు కాదన్నమాట. అడిగితే కదండీ వాళ్ళు లేదనడానికి!"

"అది కాదే, వాడు అడిగింది నేను అడక్కపోతే, ఆ పాటిది నాకు తగదని నేనే ఒప్పుకున్నట్టు అనుకుంటారు కదా."

"ఎవరనుకుంటారు?"

తాతయ్య చాలాసేపు ఆలోచించాడు. "కంప్యూటరు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. అమ్మమ్మ నవ్వలేదు. "ఆపరేషన్‌కి నా పక్కన ఎవరుండాలో మీరే తేల్చుకోండి. నేను మాత్రం ఇంకెవర్నీ పిలవను" అని పెరుగు వడ్డించకుండానే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు బిడ్ పెట్టాలి. తాతయ్య స్నానం చేసి, తల దువ్వుకుని, పరీక్షకి వచ్చినవాడిలా నా పక్కన కూర్చున్నాడు. ఫోన్ మోగింది. చిన్న తాతయ్య. ఎత్తబోతే తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"మోగనీ. వాడేం అడుగుతున్నాడో వింటే నా బుద్ధి ఊరుకోదు. ముందు ఆపరేషన్ వారం సెలవు రాయి. తర్వాత తెల్లవారుజాము విమానాలు."

రాశాను. ఫోన్ మళ్ళీ మోగింది. తాతయ్య దాని మీద దిండు పెట్టాడు. కుళ్ళుని గెలిచిన మొహంతో అమ్మమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాడు. "అడిగాను" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ పెరుగు వడ్డించింది.

ఫలితం వచ్చిన రోజు చూస్తే, ఆ వారం కెప్టెన్లకి ఒక్క సెలవే మిగిలి ఉందట. అది తాతయ్యకి పైనున్న నంబరుకి, అంటే చిన్న తాతయ్యకి పోయింది. తాతయ్యకి పడ్డది సరిగ్గా ఆపరేషన్ రోజు రాత్రి విమానం, దూరపు ఊళ్ళో మకాం.

"చూశావా! చూశావా!" గదిలో అటూ ఇటూ తిరుగుతూ అరిచాడు. "నేను పొరపాటున ఒక్కసారి నాకు కావలసింది అడిగితే, అదీ పట్టుకుపోయాడు! వాసన పట్టేస్తాడే వాడు!"

"మరిదిగారు మా చెల్లెల్నీ నన్నూ ఆస్పత్రికి తీసుకెళ్దామని సెలవు పెట్టారు" అంది అమ్మమ్మ చల్లగా. "ఆ మాట చెప్పడానికే మొన్న ఫోన్ చేశారట. మీరు దాని మీద దిండు పెట్టారు."

తాతయ్య మంచం అంచున కూలబడ్డాడు. ఇద్దరు కెప్టెన్లు ఒప్పుకుంటే పనులు మార్చుకోవచ్చు. అంటే చిన్న తాతయ్యని అడగాలి. ఆయన్ని మా తాతయ్య అప్పటిదాకా గ్లాసుడు మంచినీళ్ళు కూడా అడిగి ఎరగడు. ఆయన ఇంటికెళ్తే దాహమైనా తిరిగొచ్చి తాగుతాడు.

"నువ్వు మీ చెల్లెలికి ఒక మాట చెప్తే..." అని నసిగాడు.

"చెప్తే క్షణంలో అయిపోతుంది. చెప్పను" అంది అమ్మమ్మ.

సాయంత్రం దాకా ఫోన్ చుట్టూ తిరిగి, చివరికి చేశాడు. నేను తలుపు వెనక లేను, దర్జాగా పక్కనే కూర్చుని విన్నాను.

"అన్నయ్యా! మొన్న అన్నిసార్లు చేస్తే ఎత్తలేదేం?"

"స్నానంలో ఉన్నా."

"అంతసేపా?"

"సబ్బు దొరకలేదు. సరే గానీ, ఆ సెలవు నాకియ్యి." నేను మోచేత్తో పొడిచాను. తాతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇస్తావా అని అడుగుతున్నా. మీ వదిన పక్కన నేనుండాలి."



"తీసుకోండి అన్నయ్యా. మీ రాత్రి విమానం నేను పోతా. కానీ ఒక మాట. వచ్చే ఏడు నేను రిటైరై ఇంట్లో కూర్చుంటా. మీకు కాగితం మీద ఇంకా రెండేళ్ళుంది. అది తలుచుకుంటే మీ మీద ఎంత కుళ్ళుగా ఉంటుందో తెలుసా? మీ నాన్నగారు మహానుభావుడు. మా నాన్న ఉన్న వయసు ఉన్నట్టు రాయించాడు, అమాయకుడు."

తాతయ్య మొహం దీపావళి... కాదు, ఎలా చెప్పను, కొత్త యూనిఫాం తొడిగిన మొదటి రోజు ఫోటోలో ఎలా ఉందో అలా అయింది. "నిజంగా కుళ్ళుగా ఉందా?" అని రెండోసారి చెప్పించుకుని మరీ పెట్టేశాడు. ఆ రాత్రి మారడిగి తిన్నాడు.

ఆపరేషన్ రోజు తాతయ్య అమ్మమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ చెయ్యి వదల్లేదు. నర్సు "తాతగారూ, ఇక వదలండి" అంటే, "ఆవిడే పట్టుకుంది" అని దొంగ సాక్ష్యం చెప్పాడు. అంతా బాగానే జరిగింది. కంటికి పట్టీతో పడుకున్న అమ్మమ్మకి చుక్కల మందు ఏ వేళకి వెయ్యాలో నర్సు చెబుతుంటే, కంట్రోల్ టవర్‌కి బదులిచ్చినట్టు ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాడు.

మర్నాడు పొద్దున ఫోన్ టింగుమంది. చిన్న తాతయ్య ఫోటో పంపాడు. మంచు వల్ల తిరుగు విమానం ఆగిపోయిందట. మామూలు హోటలు నిండిపోతే కంపెనీ పెద్ద హోటల్లో దించిందట. కిటికీ నిండా సముద్రం.

"ఇన్నేళ్ళు పోయానే ఆ ఊరు!" తాతయ్య లేచి నిలబడ్డాడు. "పక్కింటి గోడ కనపడే గది తప్ప నాకు ఇంకోటి ఇవ్వలేదు. వీడు ఒక్కరాత్రి పోయేసరికి సముద్రం తెచ్చి కిటికీకి తగిలించారు!"

"ఏదీ, ఇటు చూపించండి." అమ్మమ్మ ఫోన్ దగ్గరగా పట్టుకుని ఒంటికంటితో చూసింది. "బాగుంది గది. పాపం, మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు" అంది.

తాతయ్య ఆవిడ దుప్పటి సర్ది మళ్ళీ కూర్చున్నాడు. ఫోన్ తీసుకుని ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"అయినా మంచం చాలా పెద్దదే" అన్నాడు.