పడవ కింద నీడ

మా మేనత్త పోయిన సంగతి మంగళవారం పొద్దున్న తెలిసింది. అప్పుడు నేను అమలాపురంలో, నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఉన్నాను. కొత్తపేట నుంచి మావయ్య ఫోన్ చేశారు. "అత్తయ్య లేదమ్మా. టీ పెడతానని లేచింది. వంటింటి గుమ్మంలోనే పడిపోయింది" అని ఫోన్ పెట్టేశారు.

నేను వెళ్లేసరికి వరండా నిండా చుట్టాలు. ఒకావిడ అంటోంది, "అరవై దాటేక ఆ కంప్యూటర్ ఆటల పిచ్చేవిటోనండీ. కళ్లూ నరాలూ పాడుచేసుకుంది." పక్కావిడ అందుకుంది, "ఆయ్, మేం ఎన్నిసార్లు చెప్పేవోనండి." శవం పక్కనే కూర్చుని ఈ మాటలు. నాకు రోత పుట్టింది. ఆ ఆట ఏమిటో, ఎందుకో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్య ముప్పై ఏళ్లు కొత్తపేటలో బట్టలు కుట్టింది. పని పాడైతే బాధపడేది కాదు, అసహ్యించుకునేది. ఎక్కడో కుట్టించుకుని సరిచేయమని తెచ్చిన జాకెట్టుని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, ముక్కు చిట్లించి, "అతుకు ఉంటే ఉండనీ. కనబడకూడదు కదమ్మా" అనేది. ఊళ్లో ఆవిడని పొగరుబోతు అనేవాళ్లు. అన్నవాళ్లే మళ్లీ పెళ్లి బట్టలు ఆవిడకే ఇచ్చేవాళ్లు.

మావయ్య కువైట్‌లో డ్రైవరుగా చేశారు. ఒకసారి సెలవుకి వస్తూ, టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్ ఒకటి తెచ్చారు. అందులో పడవ పందేల ఆట ఉండేది. పిల్లల్లేని ఆ ఇంట్లో వాళ్లిద్దరే పోటీలు పడేవారు, ఓడిన వాళ్లు అలిగేవారు. కొన్నేళ్లకి పెట్టె పాడైంది. డిస్కు మిగిలింది.

రెండేళ్ల కిందట మావయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లు కదుపుతూ ఉండకపోతే ఇక రాదన్నారు డాక్టరు గారు. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, మావయ్య దాన్ని మంచం కిందికి దొర్లించేసి గోడవైపు తిరిగి పడుకునేవారు. అప్పుడు అత్తయ్య నాకు ఫోన్ చేసింది. "ఆ పడవలాట కంప్యూటర్లో ఆడించొచ్చంట కదే. వచ్చి పెట్టవే."

ఆదివారం వెళ్లి వాళ్లింట్లో ఉన్న పాత కంప్యూటర్లో ఎమ్యులేటర్ ఎక్కించాను. కంప్యూటర్ చేత పాత కన్సోల్ చేసే పని చేయించే ప్రోగ్రామ్ అది. ఆట తెరుచుకుంది. కానీ నీళ్ల మీద నిలువునా నల్లటి గీతలు. పడవ కింద నీడ లేదు. ఇంజను చప్పుడు సాగిపోయి మూలుగులా వినిపిస్తోంది. మావయ్య మీట నొక్కిన కాసేపటికి గాని పడవ తిరగడం లేదు. రెండు నిమిషాలకే "కళ్లు తిరుగుతున్నాయి" అని కంట్రోలర్ పక్కన పడేశారు.

"ఆడుతోంది కదా అత్తయ్యా, సర్దుకోవాలి" అన్నాను. బస్సు టైమైపోతోందని నా ఆత్రం నాది.

"దీన్ని ఆడటం అంటారేంటే? ఈడుస్తోంది." జాకెట్లని చూసి చిట్లించినట్టే నా పనిని చూసి ముక్కు చిట్లించింది. ఆ రోజు సర్దుకోమని అనేసి బస్సెక్కినందుకు నామీద నాకు ఇప్పటికీ చీదరే.

తరవాత ఎవరో చెప్పగా ఒక కంప్యూటర్ షాపతన్ని పిలిపించింది. అతను సెట్టింగులన్నీ కొసకి పెంచేశాడు. ఆట ఇంకా నెమ్మదించింది. "మిషను పాతదండీ. మార్చేయండి" అన్నాడు.

"గుడ్డ బాలేదని వంక పెట్టి నేనెప్పుడూ జాకెట్టు పాడుచేసి ఇవ్వలేదు బాబూ. టీ తాగి వెళ్లండి" అందట అత్తయ్య.

ఆ మర్నాటి నుంచి తనే కూర్చుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే తప్ప అర్థం తెలియదు. కొలతలు రాసుకునే పుస్తకంలో ఎడమపేజీ మీద ఏది మార్చిందో, కుడిపేజీ మీద బొమ్మ ఎలా మారిందో రాసేది. ముందు అన్నిటినీ మొదట ఉన్నట్టే పెట్టేసి, రోజుకి ఒక్కోటి మార్చి చూసేది. నేను తొందరపెడితే, "రెండు కలిపి మార్చేవనుకో, ఏది కుదిరిందో తెలీదు" అనేది.

బొమ్మని మరీ పెద్దది చేస్తే ముక్కల మధ్య అతుకులు విడిపోయి గీతల్లా కనబడుతున్నాయని కనిపెట్టింది ఆవిడే. ఒరిజినల్ సైజుకి తగ్గించగానే గీతలు పోయాయి. బొమ్మ గీసే పద్ధతి ఇంకోటి ఎంచితే పడవ కింద నీడ వచ్చింది. నెమ్మది మాత్రం వదల్లేదు. మూడో వారం ఫోన్ చేసి, "ఆటలో కాదే, కంప్యూటర్లోనే పవర్ సేవర్ అని ఏదో ఉంది. అది తీసేశాను. ఇంజను గట్టిగా అరుస్తోంది" అంది. వెనక ఆ చప్పుడు నాకూ వినిపించింది. దాని మీద మావయ్య గొంతు, "నీ పడవ అడ్డం తియ్యి."

అప్పటి నుంచి రోజూ రెండు పూటలా ఆట. ఆర్నెల్లకి మావయ్య తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నారు. మంచినీళ్ల గ్లాసు ఎత్తారు. పిచ్చి అని చుట్టాలన్నది దీన్నే.

పెద్దకర్మ రోజున ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. కట్టించినవాడు మా పెద్దనాన్నగారి అబ్బాయి. మావయ్య మంచాన పడ్డాక ఒక్కసారి తొంగిచూడనివాడు. అత్తయ్య ఫొటోని ఫోన్లో దిద్దించాడట. చామనఛాయ మొహం తెల్లగా పాలిపోయింది. నుదుటి ముడతలు లేవు. గడ్డం మీది పుట్టుమచ్చ లేదు. పెదాలకి గులాబీరంగు.

"ఇది అత్తయ్య కాదన్నయ్యా" అన్నాను.

"బాగానే ఉంది కదే. పదేళ్లు తగ్గించేను. ఒక్కరోజుకే కదా, సర్దుకో" అన్నాడు. భోజనాలు చేసి వస్తున్నవాళ్లు దాని ముందు నిలబడి, "ఎంత కళగా ఉందోనండీ" అంటున్నారు.

మావయ్య లోపలి నుంచి అంతా విన్నారు. లేచి, కుట్టుమిషను సొరుగు లాగి, పెద్ద కత్తెర కుడిచేత్తో పట్టుకుని మెట్లు దిగారు. నేను పరుగెత్తాను. "నేను కోస్తాను మావయ్యా."

"వద్దమ్మా."

తాడు మందంగా ఉంది. కత్తెర రెండుసార్లు జారింది. ఒక్కో తాడుకీ చాలాసేపు పట్టింది, అయినా నాలుగూ ఆయనే కోశారు. ఫ్లెక్సీ బోర్లా రోడ్డు మీద పడింది. ఎవరూ తీయలేదు. దాని తెల్లటి వీపు మీద ఎండ మెరుస్తుంటే, ఆటోలు ఒక్కొక్కటే నెమ్మదించి పక్కనుంచి తప్పుకుని పోయాయి.