కల్లంలో నేనన్న మాట

మా పాపకి మూడో నెలలో మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు నేను ఉలికిపాటు అనుకున్నాను. కళ్లు ఒక పక్కకి లాగేసి, చేతులు రెండూ బిగబట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. మా అత్తగారు పరుగెత్తుకొచ్చి నాలుగు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో పడేసింది. దగ్గు తెప్పించే కోరు రాలేదు, దిష్టి గట్టిగా తగిలిందంది. మిరపకాయల కల్లం పక్కనే కాపురమున్నవాళ్లకి కోరు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత గుంటూరు ఆసుపత్రుల చుట్టూ తిరగడమే మా పనైపోయింది. మందు మారిస్తే వారం రోజులు బాగుండేది, మళ్లీ మొదలు. రెండేళ్లొచ్చినా పాప కూర్చోలేదు. పిలిస్తే తల తిప్పేది కాదు.

నాకు నోరెక్కువ. కోపమొస్తే ఎవరో ఒకర్ని అనకపోతే ఊపిరాడదు. కడుపుతో ఉండగా ఐదో నెలలో మా ఆయన పత్తిచేలో పురుగుమందు కొడుతుంటే, మోకాళ్ల నొప్పులని మా అత్తగారు క్యారేజీ ఇచ్చి నన్ను పంపింది. గాలి నా వైపు తిరిగింది. గట్టుమీదే వాంతి చేసుకున్నాను. ఆ రోజుని నేను మనసులో పెట్టుకున్నాను.

పాపకి రెండేళ్లు దాటిన ఎండాకాలం, కల్లంలో పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్లలో పెద్దావిడ, "ఏమ్మాయ్, పిల్ల ఇంకా కూర్చోట్లేదా?" అని మామూలుగానే అడిగింది. అంతే, నా నోరు ఆగలేదు.

"మా అత్తనడుగు! కడుపుతో ఉన్నదాన్ని మందు కొట్టే చేలోకి తోలింది. నా బిడ్డని పొట్టలోనే పాడుచేసింది!"

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. అక్కడే ఉన్న మా అత్తగారు నా ఒళ్లోంచి పాపని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ కల్లంలో అడుగు పెట్టలేదు, పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లలేదు. పాపకి నీళ్లు పొయ్యడం, మెత్తగా పిసికి అన్నం పెట్టడం, మందు పట్టడం అన్నీ తనే చేసేది. చెయ్యనీ, చేసిన పాపం ఊరికే పోతుందా అనుకునేదాన్ని. ఛీ, ఎంత పాడుబుద్ధి నాది!

ఇంకో రెండేళ్లకి ఒక కొత్త డాక్టరమ్మ పాపదీ మా ఇద్దరిదీ రక్తం తీయించి జన్యు పరీక్షకి పంపింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఒక నరకణం పక్క కణానికి కబురు అందించాలంటే, దానిలోని చిన్న చిన్న సంచుల్లో ఉండే రసాయనాన్ని బయటికి వదలాలట. ఆ సంచి కణం అంచుకి చేరి తెరుచుకోవడానికి ఒక ప్రొటీన్ సాయం చేస్తుందట. దాన్ని తయారుచేసే జన్యువుకి మనలో రెండు ప్రతులుంటాయట, పాపకి ఒకటే పనిచేస్తోందట. నాకు మిర్చియార్డు గుర్తొచ్చింది. టిక్కీ బస్తాలు గేటు దాకా వచ్చి నిలబడ్డాయి, దించే హమాలీలు సగం మందే ఉన్నారు.

"చేలో పురుగుమందు వల్లేనా మేడమ్?" అని అడిగాను.

"కాదమ్మా. ఈ మార్పు పిండం కట్టేటప్పటికే ఉంది. మీ ఇద్దరిలోనూ లేదు, పాపలోనే కొత్తగా వచ్చింది. మీ ఐదో నెలకీ దీనికీ సంబంధం లేదు."

నాకు సంతోషం కలగలేదు, కల్లంలో అన్న మాట గుర్తొచ్చింది. బస్సులో దారంతా మా ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు వంటింట్లో పాపకి జావ పడుతోంది. పక్కన కూర్చుని, చేలో మందు వల్ల కాదని డాక్టరమ్మ అన్నది చెప్పాను. "మీ తప్పేం లేదత్తయ్యా. నేనే నోరు పారేసుకున్నాను," అన్నాను.

ఆవిడ పాప మూతి తుడిచి, నా వైపు చూడకుండానే అంది. "అన్నది కల్లంలో, చెప్పేది వంటింట్లోనా?"

మర్నాడు పొద్దున కల్లంలోకి వెళ్లాను. తాలుకాయలు ఏరేది ఆ ఆడవాళ్లే. వాళ్ల ముందు నిలబడి అన్నాను: "నేనప్పుడు మా అత్తయ్యని అన్న మాట అబద్ధం. చేలో మందు వల్ల కాదంట. పిల్లకి కడుపులో పడ్డప్పుడే వచ్చిందంట. ఎవరి తప్పూ కాదంట."

పెద్దావిడ తలెత్తి, "మరైతే నయమవుద్దా?" అంది.

"అవదు పిన్నీ. ఫిట్స్ తగ్గడానికే మందులు. ఆ ప్రొటీన్‌కి మందింకా రాలేదంట."

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. మా ఇంటి గుమ్మంలో పాపని భుజాన వేసుకుని నిలబడ్డ మా అత్తగారు అక్కడే కూలబడి గొల్లుమంది. నేను పరుగెత్తాను.

"ఇంకెందుకత్తయ్యా ఏడుస్తారు? మీ తప్పు కాదని చెప్పేశాగా."

"నా గురించి కాదే. ఇన్నాళ్లూ నిన్ను చేలోకి పంపినందుకే ఏడ్చా. పిల్ల కోసం ఇవాళే ఏడుస్తున్నా."

నేనూ ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. ఆవిడ మీద కోపంతోనే ఇన్నాళ్లూ గడిపేశాను కదా, పాప కోసం నేను ఏడవడమూ ఆ రోజే మొదలు.