ముట్టుకోడానికి ఇచ్చిన రాయి

మా రాజాం మావయ్య నోట మేం ఎక్కువగా విన్న మాట, "సూడు, ముట్టుకోకు." అరవైల చివర్లో ఆయన గుంటూరు వైపు కొండల్లో రాగి కోసం వెతికేవాళ్ల జీపు నడిపేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా పాత పంచెముక్కలో రంగురాళ్లు చుట్టి తెచ్చేవాడు. కొన్ని నెమలిమెడ నీలం, కొన్ని నారుమడి పచ్చ. కిటికీ దగ్గర ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని, వెలుగుకి తిప్పి చూపించేవాడు. మా చెయ్యి ముందుకెళ్తే ఆయన చెయ్యి వెనక్కెళ్లేది.

వాటిలో ఒక పచ్చరాయంటే ఆయనకి ప్రాణం. దాని మీద మఖమలు గుడ్డలాంటి నూగు ఉండేది.

ఓసారి ఆయన సెలవుకొచ్చే ముందు, అత్త ఆ రాయిని దేవుడి చెంబులతో పాటు చింతపండేసి తోమేసింది. నూగంతా పోయి రాయి పాలిపోయింది.

"రాగిరాయి అన్నారు గదా. సిలుం వదిలితే ఎర్రగా మెరుస్తాదనుకున్నాను," అంది ఏడుపు ఆపుకుంటూ.

మావయ్య రాయిని పంచెతో తుడిచి, కిటికీ దగ్గర చాలాసేపు తిప్పి చూశాడు.

"ఏటవలేదులే, ఊరుకో. దానికీ ఓపాలి తానం అయినాది," అన్నాడు.

ఆ తర్వాత మేం రాళ్లు చూడ్డానికి వెళ్తే, ముందు ఆ పాలిపోయినదాన్నే తీసేవాడు. అదొక్కటే మా చేతికిచ్చేవాడు.

"పట్టుకో, పర్లేదు. మీ అత్త సేతిలో పడి బతికిన రాయి. ఇంకెవులేటి సెయ్యగలరు దాన్ని?"