అందరికీ చూపించిన నా ఎక్స్‌రే

ఉదయగిరి బస్టాండు నుంచి మా ఇల్లు నాలుగడుగులు. ఆ రోజు దారిలో రెండుసార్లు కూర్చున్నాను. ఊపిరి అందలేదు. అప్పటికి నెలగా పొడి దగ్గు.

సముద్రం పక్కన మా అక్క ఊళ్లో బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ ఉంది. ఇంకో యూనిట్ కడతామంటే ఊరివాళ్లు దీక్షకు కూర్చున్నారు. నేనూ వెళ్లి వారం పది రోజులు శిబిరంలో ఉండి వచ్చేదాన్ని. "కందకు లేని దురద కత్తిపీటకెందుకుమే" అనేవాళ్లు మా వీధివాళ్లు. దగ్గు మొదలయ్యాక, ఇది ఆ ఫ్యాక్టరీ బూడిద పుణ్యమే అన్నారు.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా మచ్చలు. మా బావ దాన్ని శిబిరంలో ఎండకెత్తి అందరికీ చూపించాడు.

"కొత్త యూనిట్ మీద ప్రజాభిప్రాయ సేకరణలో ఇదే మన సాక్ష్యం. మైకులో నువ్వే చెప్పాల" అన్నాడు.

నెల్లూరులో ఛాతీ డాక్టరు సీటీ స్కాన్ చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. చెక్క గరిటెలు చేస్తామని, శిబిరం సంగతీ చెప్పాను. గాలికి పొట్టు ఎగిరి నూనె రాసిన గరిటెలకు అంటుతుందని, మా వీధిలో అందరం తలుపులు మూసుకునే ఉప్పుకాగితంతో రుద్దుతాం.

"శిబిరంలో ఉన్నప్పుడు దగ్గు పెరిగేదా?"

అక్కడ తగ్గేదన్నాను.

"హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. నీకు చెక్కపొట్టు పడటం లేదమ్మా."

స్టెరాయిడ్స్ రాశాడు. మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది. విసుగొచ్చి మాత్రలు మానేశాను. మళ్లీ ఆయాసం, ఆసుపత్రి, ఆక్సిజన్. రోగంకన్నా మైకు దిగులే నన్ను ఎక్కువ తినేసింది. నిజం చెబితే కంపెనీకి పండగ. అబద్ధమాడి బయటపడితే ఉద్యమం పరువు పోతుంది. చివరికి, ఏడాది తర్వాత, మైకులో నిజమే చెప్పాను.

"కొంప ముంచినావు గదమ్మే!" అన్నాడు బావ.

అక్క మాత్రం నా వైపే నిలబడింది. "పోనీలే మే, నువ్వు బాగుంటే చాలు" అని దగ్గుతూనే అంది. ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచీ ఆ బూడిదలో బతుకుతున్నది అక్క. ఆ దగ్గు మాకు అలవాటైపోయింది.

"నీకెప్పుడైనా ఎక్స్‌రే తీసినారా అక్కా?"

"నాకెందుకుమే? నీది ఉండాది గదా, చాలదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే నెల్లూరు తీసుకెళ్లాను. డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టి చూశాడు. "ఏడాది ముందే తేవాల్సింది" అన్నాడు.

ఇప్పుడు నేను తలుపులు తీసి, మాస్కు కట్టుకుని, సగం పనే చేస్తున్నాను. యూనిట్ గోడలు లేస్తూనే ఉన్నాయి. బావ నాతో మాట్లాడడు. పోరాడే ఊళ్లవాళ్లకు ఒకటే చెబుతాను: సాక్ష్యాలు తర్వాత, ముందు అక్కడ బతికేవాళ్లందరికీ ఛాతీ పరీక్ష చేయించండి. మంచి సాక్ష్యం దొరికిందని నా ఎక్స్‌రే పట్టుకుని మేము తిరిగిన ఏడాదే, అక్క విషయంలో డాక్టరు చెప్పిన ఆ ఏడాది.